గెట్టు మీది కూరాకు ఎవరి లెక్కలో ఉంది?

పర్యావరణం గురించి తెలుగులో వచ్చిన రాతలో ఒక పెద్ద లోటుంది. ఏ వాగులో ఎంత విషం కలిసిందో రాస్తరు, ఏ ఊరి బాయి నీళ్ళు చెడిపోయినయో రాస్తరు. ఆ నేల మీద ఎవరు ఏ హక్కుతో బతుకుతున్నరో రాయరు. నేలను మట్టి నమూనాగా మాత్రమే చూసే చూపుకు కులం కనబడదు. కులం కనబడకపోతే జరిగిన నష్టం కూడా సగమే కనబడుతుంది. జహీరాబాద్ ప్రాంతాన్ని ముందు పెట్టుకొని ఈ మాటను పరిశీలించాలె.

మొదట, అదే ఉమ్మడి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరును చూద్దాం. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల్లో మందుల, రసాయనాల కంపెనీలు వదిలిన నీళ్ళు నక్కవాగులో కలిసి మంజీర దాకా పోయినయి. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రం వచ్చింది. అయినా 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన పరీక్షల్లో, శుద్ధి చేసి వదిలిన నీళ్ళలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ తేలింది. కొన్ని రకాల బాక్టీరియాను దెబ్బతీసే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైమాట. ఆకూ అలమూ పెంటా మురిగి పంటకు బలం కావాలంటే మట్టిలో సూక్ష్మజీవులు బతకాలె. ఇక ఆర్సెనిక్ లాంటి విషం మురగదు, కరగదు. బంకమట్టిని పట్టుకొని ఏండ్ల తరబడి ఉంటది. వాగు నీళ్ళు బాగుపడ్డా పొలంలో విషం మిగులుతది.

ఆ కేసులో పంట నష్టాన్ని ఎకరాల లెక్కన కట్టిండ్రు. కొలబద్ద ఎకరమైనప్పుడు ఎకరం లేనోళ్ళు ఎక్కడ నిలబడాలె? నాటు పడక పోయిన కైకిలి దినాలకు, గెట్ల మీద మేసే మేకలకు సర్వే నంబరు ఉండదు. పట్టా పాసుబుక్కు లేని నష్టం కాగితం మీదికి ఎక్కదు.

అదే బొంబాయి రోడ్డు మీద ఇంకా ముందుకు పోతే జహీరాబాద్. ఇక్కడ విషం పైపుల్లోంచి రాకముందే డబ్బాల్లో వచ్చింది. చెరుకు, అల్లం, ఆలుగడ్డ సాగు మందుల మీద ఆధారపడ్డది. చెరుకులో కొట్టే 2,4-డి లాంటి కలుపుమందు వెడల్పాకు మొక్కల్ని చంపి, గడ్డిజాతి పైరును వదిలేస్తది. వ్యవసాయశాస్త్రానికి ఇది గొప్ప సదుపాయం. మరి ఆ వెడల్పాకు మొక్కలేమిటి? గునుగు, దొగ్గలి, తుమ్మి, పాయిలి. శాస్త్రం కలుపు అన్నదాన్ని మాల మాదిగ ఆడోళ్ళు కూరాకు అన్నరు. కైకిలి నుంచి మా అమ్మ ఒడిల కట్టుకొచ్చింది ఆ కూరాకే. విత్తనం, అప్పు, దొర అనుమతి అక్కరలేని తిండి అది. కలుపుమందు కొట్టిన చేన్ల కలుపు తీసే కూలీ పోయింది, కూరా పోయింది. ఒక్క పిచికారీతో రెండు దెబ్బలు.

1962లో రేచల్ కార్సన్ క్రిమిసంహారకాల మీద పుస్తకం రాసి, పక్షుల పాట ఆగిపోయిన వసంతాన్ని ప్రపంచానికి చూపించింది. ఆ గుర్తు గొప్పదే. కానీ మా దిక్కు నేల చెడిందని ముందు తెలిసేది ఖాళీ ఒడితోని. దాన్ని గుర్తుగా పట్టుకున్న విమర్శ తెలుగులో చాలా తక్కువ.

పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల పని ఇక్కడ ముఖ్యమైంది. రాళ్ళు తేలిన బీడు భూముల్ని దళిత స్త్రీలు మందుల్లేకుండా కలగలుపు పంటలకు తెచ్చిండ్రు. సాగు చేయని కూరాకుల పేర్లు లెక్కకెక్కినయి. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. అయితే ఈ పనిని మెచ్చుకునే పట్నపు రాతల మీద నాకు పేచీ ఉంది. వాళ్ళు దీన్ని ‘సంప్రదాయ జ్ఞానం’ అని పొగిడి ఊరుకుంటరు. ఆ జ్ఞానం ఎందుకు దళిత స్త్రీల దగ్గరే మిగిలిందని అడగరు. మంచి భూమి, బోరు, బ్యాంకు దక్కనోళ్ళకు చెలక మీది ప్రతి ఆకూ తెలుసుకోక తప్పలేదు. లేమిని జానపదంగా మార్చి మెచ్చుకోవడం కూడా ఒక రకం అగ్రవర్ణ దృష్టే.

ఇప్పుడు భూమికే ఎసరొచ్చింది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాలతో నిమ్జ్ తలపెట్టిండ్రు. 2024లో న్యాల్‌కల్ మండలం డప్పూర్, మల్గి, వడ్డి గ్రామాల భూములు ఫార్మా కంపెనీలకు తీసుకుంటమంటే రైతులు ఎదురు తిరిగిండ్రు. ఈ దిక్కు నల్లరేగడిలో చలికాలం మంచుతోనే శనగ, జొన్న, కుసుమ పండుతయి. వాటిని సత్యం పంటలంటరు. పటాన్‌చెరు చరిత్ర తెలిసినోళ్ళకు ఈ ఎదురుతిరగడం అర్థం కావడానికి ఏ నివేదికా అక్కరలేదు.

కాలుష్యం అనే మాటకు మన దేశంలో పాత చరిత్ర ఉంది. 1927లో మహద్‌లో అంబేద్కర్, ఆయన వెంట వచ్చిన అంటరానివాళ్ళు చవదార్ చెరువు నీళ్ళు తాగితే, సవర్ణులు ఆ చెరువుకు శుద్ధి చేసిండ్రు. మనిషి దోసిలికి మైలపడ్డ సమాజం, నక్కవాగు రంగు మారినప్పుడు దాన్ని అభివృద్ధి అన్నది. అందుకే పర్యావరణ విమర్శ పీపీఎంలు కొలిచి ఆగిపోవద్దు. కంపెనీ రాకముందే ఆ నేల మీది కైకిలి దినాలు, మేత, కూరాకు, అసైన్డ్ భూమి సాగు, అన్నీ ఇంటింటికీ తిరిగి రాయాలె. ఆ పట్టిక లేకుండా ఇచ్చే పర్యావరణ అనుమతి ఎవరి పర్యావరణానికి అనుమతి?