వండకముందే తీసిన పిడికెడు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మన ప్రాంతంలో చాలా చర్చిల్లో వాగ్దాన కార్డుల పళ్లెం తిరుగుతుంది. రాబోయే ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాటగా ఒక్కొక్కరూ ఒక కార్డు తీసుకుంటారు. వర్ధిల్లజేస్తాననీ, అప్పు తీసుకునే స్థితి నుంచి అప్పిచ్చే స్థితికి తెస్తాననీ వాటిలో ఉంటుంది. సూదిబెజ్జంలో ఒంటె దూరడం గురించి యేసు చెప్పిన మాటను మాత్రం ఏ ప్రెస్సువాడూ కార్డు మీద వేయడు. వేస్తే ఆ పళ్లెం ఎవరూ ముట్టుకోరు. సాక్ష్యాలదీ అదే వరస. అబ్బాయికి అమెరికా వీసా, అమ్మాయికి మెడికల్ సీటు, గన్నవరం దగ్గర స్థలం. ఇవన్నీ దేవుడిచ్చినవేనని కృతజ్ఞత చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అదే ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎందుకు ఆగిపోయిందని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: తీరిక దొరకడం లేదండీ. పని తగ్గాక, డబ్బు చేరాక, పిల్లలు స్థిరపడ్డాక దేవుడికి సమయం మిగులుతుందన్న ఈ లెక్క ఎక్కడా కుదరలేదన్నది నా వాదన. ఆత్మీయ సంపద ముందే తీసిపెట్టినచోట పోగైంది తప్ప, మిగిలిన దాంట్లోంచి ఏనాడూ పోగవలేదు.

కృష్ణా డెల్టా చరిత్రనే చూడండి. 1832–33 డొక్కల కరువు గుంటూరు సీమను ఊళ్లకు ఊళ్లే ఊడ్చేసింది. 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని కింద ఇప్పుడు సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. గాదెలు నిండాయి, పురులు లేచాయి. మరి తీరిక వచ్చిందా? ఒక పంట రెండయింది. కైకలూరు వైపు వరిచేలు చేపల చెరువులయ్యాయి. రొయ్యల చెరువైతే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. రాజధాని అమరావతి కోసం 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు వెళ్లాక, కృష్ణకు ఇవతల ఉన్నవాళ్లకు కూడా గజం ధర గురించి ఫోన్లు చేసుకోవడం ఒక పనైపోయింది. పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుడి కథ లూకా సువార్తలో ఉంది. అతను దొంగ కాడు, ఎవరినీ మోసం చేయలేదు. పంట బాగా పండిన రైతు, అంతే. కొట్లు కట్టేశాక తీరిగ్గా బతుకుదామనుకున్నాడు. ఆ రాత్రే ప్రాణం పోయింది.

దీనికి ఎదురు సాక్ష్యం ఇచ్చినవాళ్లు బొత్తిగా తీరిక లేనివాళ్లు. 1912లో ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకల్ డయోసిస్‌ను నడిపారు. మచిలీపట్నంలో 1841లో మొదలైన సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషన్ సంఘాలు కూడా తర్వాత ఆ డయోసిస్‌లో చేరాయి. సభ్యుల్లో అత్యధికులు మాల, మాదిగ పల్లెల కూలీలు, పాలేళ్లు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. అలా చేరిన బియ్యం గుడికి వెళ్లేది. నేను ఎత్తిచూపదలచుకున్నది ఆ పిడికెడు ఎంతని కాదు, ఎప్పుడు తీశారన్నది. ఎసట్లో పోయకముందే తీశారు. అందరూ తిన్నాక అడుగున మిగిలితే చూద్దామనుకుని ఉంటే ఆ ఇళ్లలో ఏ పూటా ఏమీ మిగిలేది కాదు. కోతల పండుగకు తొలి పనలు, గుమ్మడికాయలు, కోళ్లు గుడికి తెచ్చి వేలం వేయడంలోనూ ఈ ముందువెనకల పట్టింపే ఉంది. అజరయ్య క్రైస్తవ దానం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు.

సమయం విషయంలోనూ ఇదే పద్ధతి. పగలంతా నాట్లు, కలుపులు, కోతలు. పొద్దుగూకాక ఉపదేశి గంట కొడితే ప్రార్థనకు చేరేవారు. అక్షరం రానివాళ్లు కీర్తనలూ వాక్యాలూ విని కంఠస్థం చేసేవారు. ఏటా సాక్ష్యపు వారమని పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లకు సువార్త చెప్పడానికి బయల్దేరేవారు. పనికి వెళ్లని రోజున కూలి రాదు. సమయమంటే డబ్బేనన్న సంగతి వాళ్లకు మనకంటే బాగా తెలుసు. అజరయ్య కాలంలోనే ఆ డయోసిస్ సభ్యత్వం రెండు లక్షలు దాటిందంటే ఒక్క బిషప్ ప్రతిభతోనో, విదేశీ సొమ్ముతోనో అయ్యే పని కాదది.

పేదరికాన్ని ఇలా పొగడటం ప్రమాదం కాదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. ఆత్మీయ సంపద ఉందిగా, లోకసంపద ఎందుకన్న బోధ, పల్లె జనాన్ని ఉన్నచోటే ఉంచాలనుకునేవాళ్లకు బాగా పనికొస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా లేకుండా పోయిన దేశంలో ఈ మాట మరీ చేదుగా వినిపిస్తుంది. అయితే ఆ పల్లెల్లో రాత్రి ప్రార్థన నడిపిన ఉపదేశే చాలాచోట్ల పగలు పలక మీద అక్షరాలు దిద్దించాడు. మచిలీపట్నంలో 1843లో బడి తెరిచిన రాబర్ట్ నోబుల్ 1865లో అక్కడే చనిపోయేదాకా స్వదేశం ముఖం చూడలేదు. (ఆయన బడి మొదట్లో అగ్రవర్ణాల పిల్లల కోసమేనన్న నిజాన్నీ దాచనక్కర్లేదు.) చదువు కోసం, హక్కు కోసం, కూలి రేటు కోసం పెనుగులాడేవాళ్లను లోకాశల్లో పడ్డారనడం అన్యాయం. ఆ మాట ఎంత వచ్చినా ఇక చాలు అనలేనివాళ్లకు చెందుతుంది.

పనే ప్రార్థన కదా అని ఇంకొకరు అంటారు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సు, ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పే మెకానిక్ తమ చేతిపనితోనే దేవుణ్ణి ఘనపరుస్తారు, ఒప్పుకుంటాను. కానీ సువార్తలో యేసును ఇంటికి పిలిచిన మార్త సంగతి చూడండి. ఆమె వండుతున్నది సాక్షాత్తూ యేసుకు. అయినా మెత్తగా మందలింపు పడింది. పరిచర్య కూడా హడావిడి కాగలదన్నమాట. శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలాఖరు రాత్రి ప్రార్థన, స్త్రీల కూడిక, యూత్ మీటింగ్, కన్వెన్షన్లు, పైగా లైవ్ స్ట్రీమింగ్. వీటి మధ్య పాస్టరుగారు తనకోసం బైబిలు తెరిచే గంట ఏది? ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు గుణదల కొండ ఎక్కే భక్తుల్లోనూ మొక్కు తీర్చి బస్సుకు పరుగెత్తేవాళ్లే ఎక్కువ.

విశ్రాంతిదినపు ఆజ్ఞను మనం సగమే చదువుతున్నాం. అది యజమాని ఒక్కడితో ఆగదు. దాసుడికీ, దాసికీ, ఎద్దుకూ, గాడిదకూ, ఇంట ఉన్న పరదేశికీ ఆ రోజు విశ్రాంతి ఉండాలంటుంది. మనం గుడిలో నెమ్మదిగా కూర్చోవడం కోసం ఇంట్లో మరొకరు గిన్నెలు తోముతుంటే పని ఆగినట్టు కాదు, చేతులు మారినట్టు. విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పనికొచ్చే స్త్రీలలో క్రైస్తవులు ఎందరో ఉన్నారు. ఆదివారం ఆరాధన వేళకు వాళ్లు మరొకరి వంటింట్లో ఉండాల్సి వస్తోంది. ఆదివారం కూడా స్టడీ అవర్ పెట్టే కాలేజీలకు లక్షలు కట్టి, పిల్లవాడికి భక్తి లేదని బాధపడే తల్లిదండ్రులమూ మనమే. సంఘ పెద్దలారా, వచ్చే ఏడాది క్యాలెండరులో కొత్త కూడిక ఒక్కటీ చేర్చకండి. వారంలో ఒక సాయంత్రం కుటుంబాలకు వదిలేయండి. ఇల్లూ, షాపూ నడుపుతున్న విశ్వాసులారా, మీ దగ్గర పనిచేసేవాళ్లకు జీతం కోయకుండా ఆదివారం సెలవివ్వండి. వచ్చే ఆదివారం నుంచే మొదలుపెట్టవచ్చు.