ఎముక చెప్పిందెంత, ఊహ కలిపిందెంత

1999లో బీబీసీ కోసం 'వాకింగ్ విత్ డైనోసార్స్' తీసేటప్పుడు నిర్మాత టిమ్ హెయిన్స్ బృందాన్ని బాగా తిప్పలు పెట్టిన వాటిలో గడ్డి ఒకటి. రాక్షసబల్లుల కాలంలో పచ్చిక బయళ్లు లేవు. అందుకని కెమెరా పెట్టిన చోట గడ్డి కనబడకూడదు. పాతకాలపు జాతుల చెట్లుండి, పచ్చిక లేని చోట్ల కోసం చిలీ, న్యూజిలాండ్, టాస్మానియా, న్యూ కాలెడోనియా దాకా వెళ్లారు. అక్కడి ఖాళీ నేలనే చిత్రీకరించుకొచ్చి, జంతువుల్ని తర్వాత కంప్యూటర్‌లో తయారుచేసి అందులో నిలబెట్టారు. దగ్గరి షాట్లకు మాత్రం కదిలే బొమ్మ తలలు చేయించుకున్నారు.

ఆ తర్వాత 2005లో మన దేశంలోని పిస్దురా పేరు శాస్త్రలోకంలో మోగింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉందా ఊరు. అక్కడ దొరికిన రాక్షసబల్లుల పేడను, అంటే రాయిగా మారిన పేడను, వందనా ప్రసాద్, కరోలిన్ స్ట్రోంబర్గ్, అశోక్ సాహ్ని తదితరులు పరీక్షించారు. గడ్డి తన కణాల్లో కంటికి ఆనని సిలికా గుళికల్ని పేర్చుకుంటుంది. ఆకు కుళ్లిపోయినా అవి కుళ్లవు. వాటి ఆకారాన్ని బట్టి అది ఏ రకం గడ్డో చెప్పొచ్చు. ఆ గుళికలు ఈ పేడలో బయటపడ్డాయి. వరి వంశానికి చెందిన గడ్డి కూడా అప్పటికే ఉందని 2011లో మరో పరిశీలన తేల్చింది. పొడుగు మెడల రాక్షసబల్లులు చివరి రోజుల్లో మన నేల మీద గడ్డి మేశాయన్నమాట!

ఇది చూపించి బీబీసీ వాళ్లు తప్పు చేశారనడం న్యాయం కాదు. పచ్చిక బయళ్లు లేవన్నది ఇప్పటికీ నిజమే. ఆనాటికి తెలిసిన దాన్ని గౌరవించి, దాని కోసం దేశాలు తిరిగారు. ఈ తరహా చిత్రాల్లో శాస్త్రీయత అంటే నా దృష్టిలో అదే. రేపు మారబోయే సంగతిని ఇవాళ చూపించినందుకు ఎవరినీ తప్పుపట్టలేం. తెలిసిన దాన్నీ ఊహించిన దాన్నీ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో చెప్పినప్పుడు మాత్రం తప్పుపట్టాల్సిందే.

అసలు తెలిసేది ఎలా? ఎముక మీద కండరం అతుక్కున్న చోట గరుకు గుర్తులుంటాయి. వాటిని బట్టి కండ ఎంత ఉండేదో లెక్కిస్తారు. పరుగు వేగాన్ని అడుగుజాడలు చెబుతాయి. పాదం పొడవుకు దాదాపు నాలుగు రెట్లు తుంటి ఎత్తు అనుకుని, అడుగుకీ అడుగుకీ మధ్య దూరంతో వేగం కట్టే పద్ధతిని బ్రిటిష్ శాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్ 1976లో ఇచ్చారు. ఎముకలూ అడుగులూ చెప్పని వాటికి బంధువుల్ని అడుగుతారు. రాక్షసబల్లికి ఒక పక్క చుట్టం మొసలి, ఇంకో పక్క వారసురాలు పక్షి. ఆ రెండింటిలోనూ ఉన్న లక్షణం మధ్యలోని దానికీ ఉండి ఉంటుందని అనుకోవడం సబబు. గూడు కట్టి గుడ్లను కాచుకోవడం అలాంటిదే. 1995లో ఈ తర్కాన్ని ఒక పద్ధతిగా స్థిరపరిచింది శాస్త్రవేత్త లారీ విట్మర్.

రంగు ఎప్పటికీ తెలియదనే చాలాకాలం అనుకున్నారు. చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే రాక్షసబల్లి నూగులో 2010లో వర్ణకాన్ని మోసే సూక్ష్మకణాలు కనిపించాయి. వాటి ఆకారాన్ని బట్టి దాని తోకకు ఎరుపు గోధుమ, తెలుపు పట్టీలుండేవని తెలిసింది. అది తెరమీద చారల తోకతో కనిపిస్తే చిత్రకారుడి ముచ్చట అనుకోనక్కర్లేదు. చాలా జంతువుల విషయంలో మాత్రం రంగు ఇంకా ముచ్చటే.

గొంతు సంగతి మరీ కష్టం. 'జురాసిక్ పార్క్' సినిమాలో టైరనోసారస్ గర్జనను ఏనుగు పిల్ల, పులి, మొసలిజాతి జంతువుల అరుపులు కలిపి తయారుచేశారు. థియేటర్ దద్దరిల్లింది, బాగుంది. కానీ పెద్ద మొసళ్లు, నిప్పుకోళ్లు నోరు మూసుకునే గొంతు ఉబ్బించి గంభీరంగా హుంకరిస్తాయి. రాక్షసబల్లుల్లోనూ కొన్ని అలాగే చేసి ఉండొచ్చని 2016లో శాస్త్రవేత్తలు వాదించారు. నోరు తెరవకుండా నేల అదిరేలా వచ్చే ఆ హుంకారం నాకు గర్జన కన్నా భయం పుట్టిస్తుంది.

ఇన్ని పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎముక చేత కథ చెప్పించడం. 1991లో అమెరికాలోని వ్యోమింగ్‌లో దాదాపు పూర్తిగా దొరికిన ఒక అల్లోసారస్‌కు బిగ్ అల్ అని పేరు పెట్టారు. పూర్తిగా ఎదగకుండానే పోయిన జంతువది. దాని ఒంట్లో విరిగి అతుక్కున్నవి, చీము పట్టినవి కలిపి 19 ఎముకలున్నాయి. పక్కటెముకలు విరిగి మళ్లీ కలిశాయి. కాలి మధ్యవేలిని వాపు తినేసింది. 2000లో బీబీసీ దాని మీద ఒక ప్రత్యేక చిత్రం తీసింది. అందులో రచయితలు గాయాల్ని ఒక్కొక్కటిగా ముందు పెట్టుకుని, ఇది ఎలా తగిలి ఉంటుందని వెనక్కి ఆలోచించారు. ఆడ అల్లోసారస్‌తో పెనుగులాట, వేటలో కిందపడి వేలు విరగడం, ఆ వేలు వాచి కుంటుతూ ఎండిన ఏటి ఒడ్డున చావడం, ఇలా నడుస్తుంది కథ. ఏ గాయం ఏ సంఘటనలో తగిలిందన్నది కల్పనే, గాయం మాత్రం నిజం. వాళ్లు అక్కడితో ఆగకుండా, ఏ ఎముక ఏం చెప్పిందో వివరిస్తూ జంటగా ఇంకో చిత్రం కూడా చేశారు.

ఇంత నిజాయితీ అన్నిచోట్లా లేదు. అదే బీబీసీ 1999 సిరీస్ మూడో భాగంలో లయోప్లురోడాన్ అనే సముద్రజీవి నీళ్లలోంచి లేచి, ఒడ్డున ఉన్న రాక్షసబల్లిని నోట కరుచుకుని పోతుంది. దాని పొడవు 25 మీటర్లు, బరువు 150 టన్నులు అని వ్యాఖ్యానం నిబ్బరంగా చెబుతుంది. చిన్నాచితకా ముక్కలను పట్టుకుని సాగదీసిన లెక్క అది. దొరికిన శిలాజాలు ఒప్పుకునే పొడవు 6, 7 మీటర్లకు అటూ ఇటూ. ఆ అంకె లక్షల మంది పిల్లల బుర్రల్లో పాతుకుపోయింది. ఆ ఒక్క వాక్యంలో 'కావచ్చు' అన్నమాట ఉంటే ఆ దృశ్యం బలం ఏమీ తగ్గేది కాదు.

ఇక 2022, 2023ల్లో ఆపిల్ టీవీ ప్లస్‌లో వచ్చిన 'ప్రీహిస్టారిక్ ప్లానెట్'. వ్యాఖ్యానం డేవిడ్ అటెన్‌బరోది, ప్రధాన శాస్త్ర సలహాదారు డారెన్ నైష్. రెండో సిరీస్‌లో మన దక్కన్ లావా నేల కనిపిస్తుంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట ఇండియా ఒక ద్వీపం. అక్కడ ఇసిసారస్ అనే పొడుగు మెడల రాక్షసబల్లి ఆడజంతువులు అగ్నిపర్వతం వేడికి కాగిన నేలలో గుడ్లు పెడతాయి. ఇసిసారస్ మనదే, దాని ఎముకలు చంద్రపూర్ జిల్లాలోని డోంగర్‌గావ్‌లో దొరికాయి, పేరు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మీదుగా వచ్చింది. వేడినేలలో గుడ్ల ఆధారం మాత్రం ఇక్కడిది కాదు. అర్జెంటీనాలోని సనగస్టాలో, ఒకప్పుడు వేడినీటి ఊటలుండే చోట ఈ వంశానికి చెందిన గుడ్లు దొరికాయి. ఇండోనేషియాలో మలియో అనే పక్షి నేటికీ అగ్నిపర్వతాల వేడి ఉన్న మట్టిలో గుడ్లు పాతిపెట్టి పోతుంది. అర్జెంటీనా గుడ్లు, ఇండోనేషియా పక్షి, దక్కన్ లావా కలిపి ఆ దృశ్యం అల్లారు. నా మటుకు నాకు ఇది మంచి ఊహ. దేన్నుంచి దేన్ని ఊహించారో చెప్పగలిగిన ఊహ ఎప్పుడూ మంచిదే. ఆ సిరీస్ కొన్ని దృశ్యాలకు వేరుగా చిన్న వివరణ చిత్రాలు కూడా జతచేసింది.

అయితే వివరణ విడిగా ఉంటే చూసేవాళ్లు తక్కువ. 2011లో వచ్చిన 'ప్లానెట్ డైనోసార్' మధ్యమధ్య కథ ఆపి, ఇదిగో ఈ ఎముక మీద ఈ పంటిగాటు, దాన్నిబట్టే ఈ పోరు చూపించాం అని తెరమీదే చెప్పింది. కథ తెగుతోందని కొందరికి విసుగు. నేను ఆ పద్ధతి పక్షమే. శిలాజశాస్త్రంలో అసలు మజా ఆ పంటిగాటు దగ్గరే ఉంది. 2025లో మళ్లీ వచ్చిన 'వాకింగ్ విత్ డైనోసార్స్' కూడా తవ్వకాలనూ కథనూ పక్కపక్కనే నడిపింది.

మన తెలుగు నేలకూ ఇందులో నేరుగా వాటా ఉంది. ప్రాణహిత-గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్‌కు జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో పేరు పెట్టారు. పొడుగు మెడల రాక్షసబల్లుల్లో చాలా తొలినాటిదది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఎముకలు వందల సంఖ్యలో దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. ఆ లోయలోనే దొరికిన బారాపాసారస్‌దీ అదే పరిస్థితి. తల ఎలా ఉండేదో వాటి చుట్టాల్ని చూసి ఊహించాల్సిందే.

ఈ జంతువుల మీద తెలుగులో ఎవరైనా చిత్రం తీస్తే, విదేశీ చిత్రాలకు తెలుగు వ్యాఖ్యానం రాసేవాళ్లెవరైనా ఉంటే, వాళ్లకు నా మనవి ఒక్కటే. కోటసారస్ తెరమీద తల తిప్పిన క్షణాన, ఆ తల మా ఊహ అని ఒక్క వాక్యం చెప్పండి. మెడ నుంచి తోక దాకా మాత్రం యామనపల్లి మట్టిలోంచి వచ్చిందేనని కూడా చెప్పండి.