డ్రాయింగుకీ విమానానికీ మధ్య

విమానం బాడీకి చేత్తో రివెట్ కొట్టాలంటే ఇద్దరు కావాలి. రేకుకు బయటివైపు ఒకరు రివెట్ గన్ పట్టుకుంటారు. లోపలివైపు ఇంకొకరు బరువైన ఉక్కు దిమ్మను రివెట్ కొనకు ఆనించి పట్టుకుంటారు. దాన్ని బకింగ్ బార్ అంటారు. గన్ మోతలో మాట వినపడదు, రేకు అడ్డం కాబట్టి మొహమూ కనపడదు. అందుకే వెనకటి నుంచీ ఒక సంకేతం నడుస్తోంది. లోపలి మనిషి ఒకసారి తడితే ఇంకా కొట్టమని, రెండుసార్లు తడితే సరిపోయిందని. మూడుసార్లు తడితే మాత్రం రివెట్ చెడింది, తీసేసి వేరేది వెయ్యాలి. రివెట్ కొన నలిగి సరిగ్గా తలకట్టిందో లేదో చూడగలిగేది లోపలున్నవాళ్లే, తీర్పూ వాళ్లదే.

ఏరోస్పేస్‌లో ఉద్యోగం అంటే మన ఇళ్లలో ఇంకా కంప్యూటర్ ముందు కూర్చుని రెక్కల ఆకారం గీసే పనే గుర్తొస్తుంది. ఆ పని లేకపోలేదు. కానీ ఒక్కరు గీసినదాన్ని తయారుచేయడానికి ఎందరో కావాలి, హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగింది ఆ తయారీయే. ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి కర్మాగారం సీ-130జె రవాణా విమానాల తోక భాగాలు చేస్తోంది. 2018లో మొదలైన టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. బోయింగ్ 737 నిలువు తోక కూడా అక్కడే చేస్తున్నారు.

ఇదంతా నిన్నమొన్న వచ్చి పడ్డది కాదు. అరవైల్లో నగరంలోని బాలానగర్‌కు ప్రభుత్వ విమాన సంస్థ హెచ్‌ఏఎల్ వచ్చింది. 1968లో అక్కడే కేంద్ర ప్రభుత్వం టూల్ డిజైన్ సంస్థ పెట్టింది, నగరంలో అందరూ సీఐటీడీ అనేది దాన్నే. 1970లో ఎంటార్ కంపెనీ మొదలైంది, 1973లో కంచన్‌బాగ్ వైపు ప్రభుత్వ లోహ సంస్థ మిధాని ఏర్పడింది. మిధాని ప్రత్యేక ఉక్కులు, టైటానియం మిశ్రమాలు పోత పోస్తుంది. ఎంటార్ ఇస్రోకు వికాస్ ఇంజన్లు తయారుచేసి ఇస్తుంది. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ మధ్య దశలో మండినవి రెండు వికాస్ ఇంజన్లే. బాలానగర్ సందుల్లో లేత్ తిప్పుతూ నేర్చుకున్నవాళ్ల నైపుణ్యం లేకుండా ఈ ఊళ్లో ఏరోస్పేస్ అనే మాటే ఉండేది కాదు. వాళ్ల గురించి రాయవలసినంత ఎవరూ రాయలేదు.

ఆ నైపుణ్యం ఏమిటో తెలియాలంటే టైటానియం జాబ్ ఒకటి, అంటే కోయాల్సిన ముక్క, మెషీన్ మీదకు ఎక్కినప్పుడు చూడాలి. మామూలు ఉక్కును కోస్తుంటే పుట్టిన వేడిలో చాలా భాగం చిప్స్‌తో పాటు బయటికి పోతుంది. టైటానియం వేడిని అంత తొందరగా వదలదు, అది టూల్ అంచు దగ్గరే నిలుస్తుంది. ఆత్రపడి స్పీడు పెంచితే టూల్ కొనన ఉండే ఇన్సర్ట్ నిమిషాల్లో కాలిపోతుంది. గోడ పలచనైన కొద్దీ ఇంకో చిక్కు. టూల్ ఒత్తిడికి గోడ పక్కకు ఒరుగుతుంది, టూల్ దాటగానే వెనక్కి వస్తుంది. ప్రోగ్రామ్ ప్రకారం అంతా సరిగ్గానే కోసినట్టుంటుంది, కొలిస్తే మందం ఎక్కువ వస్తుంది. సన్నటి పొట్టుకు నిప్పంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు, మంట ఇంకా రేగుతుంది. దానికి పొడి మందు వేరే ఉంటుంది. మంచి ఆపరేటర్ మెషీన్ చప్పుడు కాస్త మారగానే చెయ్యి ఫీడ్ నాబ్ మీదకు తీసుకెళ్తాడు. స్క్రీన్ మీద అంకె మారడానికి ముందే అతనికి తెలిసిపోతుంది.

డ్రాయింగులో పది మైక్రాన్ల తేడా వరకే ఒప్పుకుంటామని రాసి ఉంటుంది. వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. ఆ కొలత సాధించడం కష్టమే, కానీ ఏళ్ల తరబడి సాధన చేస్తే వస్తుంది. కొలత తప్పినప్పుడు తప్పిందని రాయడం దానికన్నా కష్టం. లక్షల రూపాయల లోహం, వారాల పని, పై అధికారి తొందర, ఇవన్నీ పెన్ను పట్టుకున్న చేతి మీద కూర్చుంటాయి. ఈ రంగంలో మనిషి విలువ తేలేది అక్కడే.

1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానం కూలిపోయి 110 మందికి పైగా చనిపోయారు. తోకలో ఉన్న ఇంజన్ ఫ్యాన్ డిస్క్ గాల్లోనే పగిలి, ముక్కలు హైడ్రాలిక్ వ్యవస్థలన్నిటినీ పనికిరాకుండా చేశాయి. దర్యాప్తు వెనక్కి నడుచుకుంటూ వెళ్లి టైటానియం దిమ్మను కరిగించిన రోజుల దగ్గర ఆగింది. పదిహేడేళ్లకు పైగా ముందు ఆ లోహంలో మిగిలిపోయిన చిన్న గట్టి మచ్చ నుంచి పగులు మొదలైంది. ఇవాళ ఏ చిన్న బ్రాకెట్‌కైనా ఏ కరిగింపులోంచి వచ్చింది, ఎవరు కోశారు, ఎవరు కొలిచారు అనే కాగితం వెంట నడిచేది ఇలాంటి చావులు చూసిన పరిశ్రమ కాబట్టే. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని గుమాస్తా పని అనుకుంటే బాధ కలుగుతుంది.

కాగితం లేకపోతే ఏమవుతుందో 2024 జనవరి 5న మళ్లీ కనపడింది. అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ 9 గాల్లో ఉండగా తలుపు స్థానంలో బిగించిన ప్యానెల్ ఊడిపోయింది. ప్రాణాలు పోలేదు. చెడిన అయిదు రివెట్లు బాగుచేయడానికి కర్మాగారంలో ఆ ప్యానెల్ తీశారు, తిరిగి పెట్టేటప్పుడు నాలుగు బోల్టులు బిగించలేదు. తీసినట్టు ఎక్కడా నమోదు చేయలేదు. నమోదు చేసి ఉంటే తర్వాత తనిఖీ చేసేవాళ్లు బోల్టులు వెతికేవాళ్లు.

ఈ రంగంలోకి దారులు చాలా ఉన్నాయి. ఐటీఐలో మెషినిస్టు, ఫిట్టర్ ట్రేడులు, సీఐటీడీలో టూల్ అండ్ డై డిప్లొమా, తర్వాతే బీటెక్. మెషీన్ దగ్గర మొదలైనవాళ్లు ప్రోగ్రామింగ్‌కు, అక్కడి నుంచి సీఎంఎం అనే కొలత యంత్రం మీద కొలతలకు, ప్రాసెస్ ప్లానింగ్‌కు, క్వాలిటీకి ఎదగొచ్చు. బీటెక్‌తో నేరుగా ప్లానింగ్‌లో చేరినవాళ్లకే మొదటి రెండేళ్లు గడ్డుగా నడుస్తాయి. ఏ ముఖాన్ని ఆధారం చేసుకుని జాబ్ బిగించాలో పుస్తకం చదివితే రాదు. ఆ సంగతి చెప్పగల సీనియర్ ఆపరేటర్‌ను ‘అన్నా, ఒకసారి చూపించవా’ అని అడగగలిగినవాళ్లు తొందరగా నేర్చుకుంటారు.

డిజైన్ కల ఉన్నవాళ్లకూ ఈ తయారీ పని పక్కదారి కాదు. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన విక్రమ్-ఎస్ దేశంలో తొలి ప్రైవేటు రాకెట్. దాన్ని చేసిన స్కైరూట్‌ను 2018లో హైదరాబాద్‌లో పవన్ కుమార్ చందన, నాగభరత్ డాక స్థాపించారు. ఇద్దరూ ఇస్రోలో పనిచేసి వచ్చినవాళ్లు. పోత పోసేవాళ్లు, కోసేవాళ్లు, కొలిచేవాళ్లు ఒకే నగరంలో దొరకడం అలాంటి కొత్త సంస్థకు చిన్న అండ కాదు.

మన ఏరోనాటికల్ కాలేజీల్లో ఈ సంగతులకు చోటు తక్కువ. ఎయిర్‌ఫాయిల్ లెక్కలు వచ్చిన విద్యార్థి చేతికి తొలి జాబ్ తనిఖీ నివేదిక ఇస్తే అది ఏమిటని అడుగుతాడు. డ్రాయింగులో ప్రతి కొలతకూ ఒక గుండ్రటి బెలూన్‌లో నంబరు వేసి, ఆ నంబరు ఎదురుగా అసలు జాబ్ మీద వచ్చిన కొలత రాసే పట్టిక అది. ఒక్క సెమిస్టరు చాలు. చిన్న అల్యూమినియం బ్రాకెట్ ఒకటి ఇచ్చి, లోహం సర్టిఫికెట్ చదవడం దగ్గర్నుంచి ఆ పట్టికలో చివరి గడి నింపేదాకా విద్యార్థి చేతే చేయించాలి, కొలత తప్పిన జాబ్‌కు తప్పిందని రాసినవాళ్లకు మార్కులు ఇవ్వాలి. అందుకు కావలసిన మెషీన్లు, నేర్పగల మనుషులు బాలానగర్‌లోనే ఉన్నారు.