ఎదురు కూర్చుని వినేవాళ్ళు

2020 మార్చిలో బళ్ళు మూసేనాటికి మా విస్సన్నపేట చుట్టుపక్కల మామిడి తోటల్లో కాయ టెంక కడుతోంది. వారం తిరక్కుండానే దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. బస్సులు ఆగాయి, తిరువూరు రోడ్డు బోసిపోయింది. కాయ ఎవరి కోసమూ ఆగదు కదా. ఏప్రిల్లో కోతలు మొదలయ్యాయి. పొద్దున్నే చిక్కం కట్టిన గెడలు భుజాన వేసుకుని వెళ్ళి, సాయంత్రానికి సొన అంటిన చేతులతో ఇల్లు చేరే అమ్మానాన్నలే ఆ ఏడు ఒకటో తరగతికీ రెండో తరగతికీ పంతుళ్ళు కావాల్సి వచ్చింది.

ప్రభుత్వం చేయగలిగింది చేసింది. జూన్‌లో దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యావారధి’ పేరుతో పాఠాలు మొదలుపెట్టారు. మధ్యాహ్న భోజనం తాలూకు బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్ళకే అందాయి. టీచర్లు వాట్సాప్‌లో హోంవర్కు పంపారు. పిల్లల చదువుల మీద సర్వేలు చేసే ‘అసర్’ వాళ్ళు ఆ ఏడాది పల్లెల్లో ఫోన్ల మీద వాకబు చేస్తే, బడికి పోయే పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్ళల్లో స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది. 2018లో అది 36.5 శాతమే. అయితే ఇంట్లో ఫోను ఉండటం వేరు, పగలు పదింటికి అది రెండో తరగతి పిల్ల చేతికి దొరకడం వేరు. ఆ ఫోను నాన్న జేబులో తోటకు పోతుంది. 2021 ఆగస్టులో రాష్ట్రాలూ కేంద్రపాలిత ప్రాంతాలూ కలిపి 15 చోట్ల జరిగిన మరో సర్వేలో, పల్లెల్లోని పేద ఇళ్ళ పిల్లల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్లో చదువుతున్నది 8 శాతమేనని తేలింది.

అందరి చేతికీ ఫోను వచ్చినా ఒక లోటు ఉండిపోయేది. టీవీ చెబుతుంది, ఫోను చెబుతుంది. పిల్ల చదివితే వినేదెవరు? చిన్న తరగతుల్లో చదువు సగానికి పైగా అప్పజెప్పడంలోనే వస్తుంది. చదివింది ఎవరికో ఒకరికి పైకి చదివి వినిపించాలి. ఎక్కడ నాలుక మడతపడిందో వాళ్ళు పట్టుకోవాలి. చాలా ఏళ్ళు చిన్న తరగతులకు చెప్పినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను.

మా వెనకింట్లో ఆ పని నాయనమ్మ చేసింది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. మనవరాలు రెండో తరగతి. అన్నాలయ్యాక అరుగు మీద వాచకం తెరిపించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది.

“నీకు చదవడం రాదుగా నాయనమ్మా, నేను తప్పు చదివితే నీకెట్టా తెలిసిద్ది?”

“నువ్వెక్కడ నసుగుతున్నావో తెలిసిద్దిలే. అక్కడ మళ్ళీ చదువు.”

నిజంగానే పట్టేసేది. ఒత్తక్షరం దగ్గర పిల్ల గొంతు తగ్గుతుంది, మాట సగంలో మింగేస్తుంది. నాయనమ్మ చేయి ఎత్తి ఆపుతుంది. కథ చదివాక, “అయితే ఆ కుందేలు ఎటు పోయిందంట?” అని అడుగుతుంది. పిల్ల మళ్ళీ పేజీలోకి పోయి వెతుక్కోవాలి. ట్రైనింగుల్లో మాకు రోజుల తరబడి నేర్పిన విద్య ఇదే.

రెండు వందల ఏళ్ళ కిందట ఇలాంటిదే ఒక సంగతి మద్రాసు నుంచి ఇంగ్లండు దాకా పోయింది. ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు, ఒక వీధిబడిలో పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన దగ్గరా అలాగే చెప్పించాలనుకుంటే అక్కడి మాస్టర్లకు నచ్చలేదు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడికి చిన్నపిల్లల తరగతి అప్పగించాడు. ఆ కుర్రాడు నేర్పాడు, వాళ్ళు నేర్చుకున్నారు. 1797లో బెల్ ఈ సంగతంతా లండన్లో అచ్చువేయిస్తే, ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో అక్కడ ఎన్నో బళ్ళకు పాకింది. తక్కువ ఖర్చులో వందల మందికి చదువు చెప్పే ఉపాయంగా దాన్ని వాడుకున్నారు, అది నాకు నచ్చదు. కానీ ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడికి ఎదురు కూర్చోవడంలో ఉన్న బలాన్ని మాత్రం బెల్ సరిగ్గా పట్టుకున్నాడు.

ఇదంతా చదవడం సంగతి. లెక్కలకు తోట ఉంది. పెద్దవాళ్ళు కాయల్ని పుంజీల్లో లెక్కపెడతారు. పుంజీ అంటే నాలుగు. చెట్టు కింద రాశి పోసిన చిన్నరసాలు పుంజీ పుంజీగా పక్కకు జరుపుతుంటే, పక్కన కూర్చున్న పిల్లకు నాలుగో ఎక్కం దానంతటదే నోటికొస్తుంది. పాతిక పుంజీలయితే వంద. పైన కొసరు ఒక పుంజీ వేస్తే ఎన్ని అని అడగండి. వేళ్ళు మడుస్తుంది, కళ్ళు పైకెత్తుతుంది, చెబుతుంది. ఇప్పుడు బేరమంతా టన్నుల్లో జరుగుతోంది కాబట్టి పుంజీలు పెద్దవాళ్ళ నోట్లోనే మిగిలాయి. పిల్లల చేత అనిపించడం మన చేతిలో పనే.

మళ్ళీ వినడం దగ్గరికి వస్తే, అందులో కష్టమైంది ఆగడం. పిల్ల తడబడగానే పక్కనున్నవాళ్ళు మాట అందించేస్తారు. చదువుకున్న అమ్మానాన్నలకు ఈ తొందర ఇంకా ఎక్కువ. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా నోరు మెదపకండి. ఆ లోపు చాలాసార్లు పిల్లే దిద్దుకుంటుంది. మా ఊరి పేరే చూడండి, సకారానికీ నకారానికీ రెండింటికీ ఒత్తులు. రెండో తరగతి పిల్ల మొదట ‘విసనపేట’ అంటుంది. ఒక్క క్షణం ఆగితే వేలు కింద పెట్టి ఒత్తు చూసుకుని ‘విస్సన్నపేట’ అని తనే సాగదీసి చదువుతుంది. బస్టాండు దగ్గర కొన్ని బోర్డుల మీద సకారం కింద ఒత్తు ఉండదు. ఏది సరైనదని అడిగిన పిల్లకు నిజంగా చదవడం వచ్చినట్టే.

ఆ 2020 అక్టోబరులో ప్రభుత్వం ఇచ్చిన విద్యాకానుక సంచుల్లో కొత్త పుస్తకాలు వచ్చాయి, పాఠం ఎదురెదురు పేజీల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. తెలుగు పేజీ చదవగలిగిన తల్లికి అవి పెద్ద అండ అయ్యాయి. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు మళ్ళీ బడి గడప తొక్కింది 2021 ఫిబ్రవరి 1న. ఏప్రిల్ 20న మళ్ళీ మూత, ఆగస్టు 16న తెరవడం. ఆ నష్టం లెక్క తర్వాత తేలింది. దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. అంటే లాక్‌డౌన్‌కు ముందే నూటికి డెబ్భైమందికి పైగా చదవలేకపోతున్నారు. నన్ను ఎక్కువ కుదిపేది ఆ మొదటి అంకె.

ఏటా ఏప్రిల్ చివర్లో సెలవులు వస్తాయి, కోతలూ అప్పుడే. బడి తెరిచేది జూన్‌లో. అన్ని రోజులూ పిల్ల నోట అక్షరం పలకకపోతే వచ్చింది కూడా జారిపోతుంది. పాత వాచకమే చాలు, వేరే పుస్తకాలు కొననక్కర్లేదు. రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు పైకి చదివించండి. చదువు రాకపోయినా ఎదురు కూర్చోండి. ఏ పేజీలో ఏ మాట దగ్గర రోజూ ఆగిపోతోందో అక్కడ పిల్ల చేతే ఒక పెన్సిలు గీత పెట్టించండి. జూన్‌లో ఆ పేజీ టీచరుకు చూపించండి. గదినిండా పిల్లలున్న తరగతిలో ఆ సంగతి ఆవిడ తనంతట తాను కనిపెట్టేసరికి దసరా వచ్చేస్తుంది.