ఉగ్గుగిన్నె నుంచి పంపు దాకా

బాలింతకు ఏమేం కొనాలని అడిగితే ఇవాళ పిల్లల వస్తువులమ్మే ఏ దుకాణంలోనైనా చాంతాడంత జాబితా చెబుతారు. చేతి పంపు, కరెంటు పంపు, పాలు దాచే సంచులు, సీసాలు, వాటిని ఆవిరి పట్టే పాత్ర, జాకెట్టు తడవకుండా లోపల పెట్టుకునే ప్యాడ్లు, ముందువైపు తెరుచుకునే బ్రా, జిప్పుల నైటీ, ఒళ్లో పెట్టుకునే దిండు, పైట చెంగు చేసిన పనికి ఇప్పుడొక ఆప్రాన్, పగిలిన చనుమొనలకు లానోలిన్ క్రీము, పాలు పడటానికి శతావరి పొడి. ఇదంతా వ్యాపారమని కొట్టిపారేయడం తేలిక. తల్లి ఒంటికి కాస్త సుఖాన్నిచ్చే వస్తువుని చూసి మూతి విరవడం మాత్రం స్త్రీవాదం కాదు. ఒక కథని చదివినట్టు ఈ జాబితానీ చదవాలని నా ఉద్దేశం. ఒక్కో వస్తువూ తల్లి ఎక్కడుంటుందని ఊహిస్తోంది? ఎవరి కంట పడొద్దంటోంది? ఎంతసేపట్లో పని ముగించుకోమంటోంది? ఏ తల్లిని ఇది లెక్కలోకే తీసుకోలేదు?

మన ఇళ్లలోనూ ఇలాంటి జాబితా ఒకటి ఉండేది. బాలింత కాయం, వెల్లుల్లి కారం, మెంతులు, తెలగపిండీ మునగాకూ కలిపి వండిన కూర, కోస్తా ఊళ్లలో పాలసొర, నడుముకి బిగించే పాత చీర, బిడ్డకి ఉగ్గుగిన్నె. అది కాగితం మీద ఉండేది కాదు, ఆడవాళ్ల నోళ్లలో ఉండేది. దాన్ని స్వర్ణయుగమని చెప్పబోవడం లేదు. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయించినవి ఆ నోళ్లే. దాహమన్న బాలింతకి నీళ్లు కొలిచి పోసినవి ఆ చేతులే. అయితే ఆ జాబితా వెనక ఒక ఏర్పాటు ఉంది. కూర వండటానికి ఒకరు, నీళ్లు కాచటానికి ఒకరు, రాత్రి బిడ్డ లేస్తే ఎత్తుకోవటానికి ఒకరు ఉంటారని అది నమ్ముతుంది. ఆ ఒకరు తల్లో, అమ్మమ్మో, అత్తో. మొత్తానికి జీతం లేని మరో ఆడమనిషి. కొత్త జాబితా అలాంటివాళ్లెవరూ ఉండరని అనుకుంటుంది. మొదటిది ఆడవాళ్ల శ్రమని లెక్కలోకి రానివ్వలేదు. రెండోది ఆ శ్రమ లేని లోటుకి వెల కట్టి అమ్ముతోంది. రెండింటిలోనూ బిడ్డ తండ్రి ప్రస్తావన లేదు.

ఎనభైలు, తొంభైల్లో వచ్చిన మన స్త్రీవాద కవిత్వం శరీరం గురించి మాట్లాడే భాషనే మార్చేసింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', జయప్రభ 'పైటను తగలెయ్యాలి' వచ్చాక ప్రసవాన్నీ, గర్భస్రావాన్నీ, పైటనీ మునుపటిలా చదవడం ఎవరికీ సాధ్యం కాలేదు. కానీ ప్రసూతి గది తలుపులు తెరిచిన ఆ చూపు, ఆ తర్వాతి నెలల గదిలోకి అంతగా ప్రసరించలేదని నాకనిపిస్తుంది. పాలివ్వడం ఇంకా అమ్మతనం అనే మాట చాటునే ఉండిపోయింది. మొదటి నెలల్లో రోజుకి 8 నుంచి 12 సార్లు, రాత్రీ పగలూ తేడా లేకుండా చేసే పనిని పని అనకపోతే మరేమనాలి?

ఆ ప్రశ్నని సూటిగా వేసిన కథ మహాశ్వేతాదేవి 'స్తనదాయిని'. గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఇంగ్లీషు అనువాదం 1987లో ఆమె వ్యాస సంపుటిలో చేరాక మన యూనివర్సిటీ క్లాసుల్లోకీ వచ్చింది. జశోద పేద బ్రాహ్మణ స్త్రీ. ఆమె భర్త కాంగాలీచరణ్ పాదాలు హల్దార్ల ఇంటి కుర్రవాడి కారు కింద నలిగిపోతాయి. ఇల్లు గడవటానికి ఆమె ఆ హల్దార్ల ఇంట్లోనే పాలిచ్చే దాదిగా కుదురుతుంది. అక్కడి కోడళ్ల ఒంటి బిగువు చెడకూడదు, వంశం మాత్రం పెరగాలి. ఈ రెండూ కుదరాలంటే జశోద ఎప్పుడూ పాలతో ఉండాలి, అంటే ఎప్పుడూ కంటూనే ఉండాలి. 20 మందిని కంటుంది. యశోద పేరు పెట్టుకున్నది కదా, దేవతని చేసి మొక్కుతారు. ముట్టేది తిండీ, బట్టా, కాస్త జీతం. ఆ అవసరం తీరాక వంటపనికి పెడతారు. చివరికి ఆ రొమ్ముకే కేన్సరొచ్చి, పాలు తాగి పెరిగిన వాళ్లలో ఒక్కరూ పక్కన లేకుండా ఆసుపత్రిలో చనిపోతుంది. మాతృత్వాన్ని పూజించే చోటే తల్లి శ్రమని ఎంత చౌకగా వాడుకోవచ్చో ఈ కథ చూపించినంతగా నాకు మరే రచనా చూపించలేదు.

దీని పక్కన పెట్టుకుని చదవాల్సిన మరో రచన అమెరికా చరిత్రకారిణి జిల్ లెపోర్ 2009 జనవరిలో న్యూయార్కర్ పత్రికలో రాసిన 'బేబీ ఫుడ్' అనే వ్యాసం. ఆసుపత్రుల్లో వాడే కరెంటు పంపుని స్వీడన్ ఇంజనీరు ఐనార్ ఎగ్నెల్ 1950లలో మెరుగుపరిచాడు. తొంభైల్లో పంపు ఇళ్లలోకీ, ఆఫీసు బ్యాగుల్లోకీ వచ్చింది. అదే దశాబ్దంలో, 1993లో, అమెరికా చేసిన కుటుంబ సెలవు చట్టం 12 వారాల సెలవిచ్చింది, అదీ జీతం లేకుండా. 2010 నాటి చట్టం పాలు పిండుకోవటానికి విరామాన్నీ, బాత్‌రూము కాని ఒక చోటునీ ఇమ్మంది. జీతంతో కూడిన ప్రసూతి సెలవు మాత్రం అక్కడ దేశమంతటా వర్తించే హక్కు ఇప్పటికీ కాలేదు. లెపోర్ వాదన సారాంశం ఇదీ: తల్లీ బిడ్డా కలిసుండే సమయం గురించి మాట్లాడాల్సిన చోట సమాజం సీసాలోని పాల గురించి మాట్లాడుతోంది. సెలవివ్వాల్సినవాళ్లు పంపు పెట్టుకునే గది ఇచ్చి చేతులు దులుపుకుంటున్నారు.

నేను ఆమెతో పూర్తిగా ఏకీభవించలేను. నెలలు నిండకుండా పుట్టి, పీల్చే శక్తి లేని బిడ్డ తల్లికి పంపు ప్రాణాధారం. పరీక్ష రాయాల్సిన అమ్మాయికి అది మూడు గంటల స్వేచ్ఛ. పిండిన పాలు ఉంటే అర్ధరాత్రి తండ్రి కూడా లేచి పట్టొచ్చు, అదేమీ చిన్న మార్పు కాదు. కానీ జశోదతో కలిపి చదివితే లెపోర్ మాటలో ఇంకో అర్థం కనిపిస్తుంది. హల్దార్ల ఇంట్లో పాలిచ్చే మనిషి వేరు, పాలివ్వకుండా తిరగగలిగే మనిషి వేరు. పంపు వచ్చాక ఆ కోడలూ, జశోదా ఒకే ఒంట్లో చేరారు. ఆఫీసులో పాలింతరాలిలా కనబడకుండా పనిచేయాల్సిందీ ఆమే, విరామంలో తలుపేసుకుని పాలు తీసిపెట్టాల్సిందీ ఆమే.

మా కాలేజీలో ఒక కాంట్రాక్టు లెక్చరర్ పాప పుట్టిన మూడో నెలలోనే డ్యూటీకి వచ్చేసింది. రాకపోతే ఆ గంటలు ఇంకొకరికి ఇచ్చేస్తారు. పాత ప్రశ్నపత్రాల కట్టలు పడేసే గదిలో, గడియ లేని తలుపుకి కుర్చీ అడ్డంపెట్టి, రెండు క్లాసుల మధ్య పంపు పెట్టుకునేది. మేం వంతులవారీగా బయట కాపలా ఉండేవాళ్లం. అక్కడే ఊడ్చే అమ్మాయికి నాలుగు నెలల బాబు. పాలు కట్టి రొమ్ములు సలిపితే బాత్‌రూములోకి వెళ్లి వాష్‌బేసిన్‌లో పిండేసి వచ్చేది. ఓ రోజు పంపు చూసి, "మేడం, మిషనుతో తీసినా చేత్తో తీసినా పాలు పాలే గదా. నేను తీసి ఎక్కడ పెట్టను?" అంది. మాలో ఎవ్వరం మాట్లాడలేదు. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో సుమారు 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలవుంటాయని వైద్యులు చెబుతారు. మన వేసవిలో 25 డిగ్రీల గది ఎవరికి ఉంటుంది? పంపు ఒక్కటే కొంటే రాదు. కరెంటు, ఫ్రిజ్, మరిగించిన నీళ్లు, గడియ ఉన్న తలుపు, ఇంటి దగ్గర ఆ పాలు పట్టే మనిషి, ఇవన్నీ దాంతోపాటు ఉండాలి. ప్రకటనలో ఉండేది పంపు ఒక్కటే.

చట్టం మనకి లేదని కాదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు పాలవిరామాలు ఇచ్చింది. 2017 సవరణ జీతంతో సెలవుని మొదటి ఇద్దరు బిడ్డలకీ 26 వారాలు చేసింది. 50 మందికి తగ్గకుండా పనిచేసే చోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చనీ చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవి ఉన్నాయి. కానీ పొలంలో, ఇటుకబట్టీలో, నాలుగిళ్లలో పనిచేసే ఆడవాళ్లకి ఈ 26 వారాలు అందవు. వాళ్ల కోసం 2017లో మొదలైన మాతృ వందన యోజన మొదటి బిడ్డకి ఇచ్చే మొత్తం 5,000 రూపాయలు. మంచి కరెంటు పంపు ఖరీదుకి అది చాలొచ్చు, నెల ఇల్లు గడవటానికి చాలదు.

ప్రకటనల సంగతీ చూడాలి. పాలడబ్బాల కంపెనీలు పేద దేశాల్లో చేసిన ప్రచారం మీద డెబ్భైల్లో పెద్ద ఉద్యమం లేచింది. దాని ఫలితంగా 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి, మన దేశంలో 1992 చట్టం, 2003లో దాని సవరణ వచ్చాయి. రెండేళ్లలోపు పిల్లల పాలడబ్బాలకీ, పాలసీసాలకీ ప్రకటనలు నిషిద్ధం. డబ్బా మీద తల్లీ బిడ్డల బొమ్మ ఉండకూడదు. పంపుకీ, పాలు పెంచే పొడులకీ మాత్రం ఆ చట్టం వర్తించదు. డబ్బా పాలు ఏ భయం మీద అమ్ముడుపోయాయో ఇవీ ఆ భయం మీదే అమ్ముడుపోతాయి: నా పాలు చాలడం లేదేమో! రొమ్ము ఎంత తరచుగా ఖాళీ అయితే అంతగా పాలు పడతాయన్నది దాని ధర్మం. బిడ్డ పక్కన ఉండి, తల్లికి కడుపునిండా తిండీ కాస్త నిద్రా ఉంటే చాలామందికి పొడి అవసరం రాదు. రెండు క్లాసుల మధ్య పది నిమిషాల్లో పాలు రాకపోతే లోపం పది నిమిషాలది. ఆ అమ్మాయి మాత్రం లోపం తన ఒంట్లో ఉందనుకుని పొడి డబ్బా కొంటుంది.

చవకైన వస్తువులకి ప్రచారం ఉండదు. లోపలికి పోయిన చనుమొనలకి ప్రభుత్వాసుపత్రి నర్సు చూపించే ఉపాయం ఒక మామూలు సిరంజి. దాని కొన కోసేసి, పిస్టన్‌ని కోసినవైపు నుంచి ఎక్కించి, నున్నటి వైపు రొమ్ముకి ఆనించి మెల్లగా లాగుతారు. మన ఉగ్గుగిన్నె ఆకారమే 'పాలాడై' అనే తమిళ పేరుతో నెలలు నిండని పిల్లల వార్డుల్లోకి వచ్చింది, సీసా కంటే శుభ్రం చేయడం సులువని. ఇక మల్లెపూలు. బిడ్డ పోయిన తల్లికీ పాలు వస్తాయి. ఆ పాలు ఇంకిపోవటానికి రొమ్ముల మీద మల్లెపూలు కట్టడం దక్షిణాదిన పాత అలవాటు. 1988లో ఒక వైద్యపత్రికలో అచ్చయిన అధ్యయనం ఈ పూలని బ్రోమోక్రిప్టిన్ మందుతో పోల్చి చూసి, ఇవీ పనిచేస్తాయని చెప్పింది. మన కవిత్వంలో మల్లెలు ఎన్ని పడకగదుల్లో పూశాయో! ఈ మల్లెలు మాత్రం మనకి కనబడలేదు.

ఇప్పుడు పాలకి బ్యాంకులున్నాయి. ముంబైలో సయాన్ ఆసుపత్రిది 1989 నాటిది, హైదరాబాద్ నీలోఫర్‌లో 2017లో మొదలైన దాని పేరు ధాత్రి. ధాత్రి అంటే దాది. ఇవి దానంగా వచ్చిన పాలు, అమ్మకానికి కాదు. తల్లిపాలని సరుకు చేసి అమ్మే ప్రయత్నాలూ జరిగాయి కనకే, దానికి అనుమతి లేదని ఆహార భద్రతా సంస్థ 2024 మేలో హెచ్చరించాల్సి వచ్చింది. కొనేవాళ్లుంటే ఎవరి పాలు అమ్ముడవుతాయో జశోద కథ చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు.

అందుకే బాలింతకు కావలసిన వస్తువుల జాబితాని మనం మళ్లీ రాయాలి. పంపు ఉండనివ్వండి, ప్యాడ్లూ దిండూ ఉండనివ్వండి. వాటికంటే పైన, కూలికి వెళ్లే ఆమెకి కూడా జీతంతో సెలవు, పనిచోట బిడ్డ, గడియ ఉన్న గది, అందులో ఒక ఫ్రిజ్, రాత్రి లేచే తండ్రి అని రాయాలి. కథలు రాసేవాళ్లూ, పాఠాలు చెప్పేవాళ్లూ ముందు తమ ఆఫీసులో, తమ కాలేజీలో ఆ గది ఉందో లేదో చూడండి. ఉంటే దాని తాళం ఎవరి దగ్గరుందో, అక్కడ ఊడ్చే అమ్మాయిని లోపలికి రానిస్తారో లేదో కూడా అడగండి.