తోబుట్టువును పోగొట్టుకొన్న బిడ్డకు స్నేహితుడెవరు?



మన గ్రామములలో ఒక ఇంట బిడ్డ చనిపోయినప్పుడు ఏమి జరుగునో మీకందరికి తెలిసినదే. సంఘస్థులు వత్తురు. స్త్రీలు తల్లిని పట్టుకొని ఏడ్తురు. పురుషులు తండ్రి ప్రక్కన మౌనముగా కూర్చుందురు. కొన్నాళ్లకు ఆదరణ కూటము జరుగును. అయితే ఆ ఇంటనే మరియొక బిడ్డ గోడకానుకొని నిలిచియుండును. ఆ బిడ్డతో ఎవరు మాట్లాడిరి? “ఏడవకమ్మా, అమ్మను చూచుకో” అని ఒక్క మాట చెప్పి, నాలుగు దినములు పిన్ని ఇంటికి పంపుదుము. అంతటితో మన పని అయిపోయినదని అనుకొందుము.

గోడ ప్రక్కన నిలిచిన అట్టి బిడ్డను గూర్చిన పుస్తకమొకటి ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాను. అమెరికా దేశపు రచయిత్రి లోయిస్ లౌరీ 1977లో ప్రచురించిన ‘ఎ సమ్మర్ టు డై’ అను నవల అది. ఆమె మొదటి నవల ఇదియే. 1962లో ఆమె అక్క హెలెన్ చిన్న వయస్సుననే క్యాన్సరుతో మరణించెను. ఆ దుఃఖమే పదునైదేండ్ల తరువాత ఈ కథయైనది. కావున ఇందులోని దుఃఖము అరువు తెచ్చుకొన్నది కాదు.

కథ క్లుప్తముగా చెప్పెదను. మెగ్ అను పదమూడేండ్ల బాలిక, ఆమె అక్క మోలీ. తండ్రి తన పుస్తకము పూర్తి చేసికొనుటకై కుటుంబమును పల్లెటూరిలోని ఒక పాత ఇంటికి తీసికొనిపోవును. అక్కచెల్లెండ్రకు ఒకే గది. అక్క పొందికగలది, చక్కనిది. చెల్లెలి వస్తువులు ఎక్కడివక్కడ పడియుండును. విసిగిన అక్క సుద్దముక్కతో గది మధ్య గీత గీయును. ఇది మన ఇండ్లలో జరుగని సంగతియా? తరువాత అక్కకు ముక్కు వెంట రక్తము కారుట మొదలగును. అది ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరని తేలును. (ఈ రోగము వచ్చిన పిల్లలు అనేకులు ఈనాటి వైద్యముచే బాగుపడుచున్నారు. ఎవరును ఈ కథ చదివి నిరాశపడి చికిత్స మానరాదు.)

ఇక్కడ రచయిత్రి చూపు ఎంత సూటిగా ఉన్నదో గమనించుడి. మెగ్ మనస్సులో దుఃఖమొక్కటే లేదు. అక్క అందమును చూచి పడిన అసూయయున్నది. విసురుగా అన్న మాటలున్నవి. తోబుట్టువు చనిపోయిన పిల్లలలో చాలామంది, “నేను కొట్లాడినందుననే ఇట్లయినదేమో” అని లోలోపల అనుకొందురు. పైకి చెప్పరు. మనము అడుగము. “ఏడవకు” అన్నప్పుడు ఆ తలుపు ఇంకను గట్టిగా మూసివేయుదుము.

మెగ్‌కు ఆ తలుపు తెరచిన స్నేహితుడు తోటి బాలిక కాదు. ఆ ఇంటి యజమానుడైన విల్ బాంక్స్ అను డెబ్బదియేండ్ల వృద్ధుడు. భార్య చనిపోయి, ఒక చిన్న ఇంట ఒంటరిగా నివసించుచున్నాడు. మెగ్‌కు ఫొటోలు తీయుట ప్రీతి. ఆయన యొద్ద పాత కెమెరా యున్నది. చీకటి గదిలో ఫొటోలు కడుగుట ఆ పిల్ల ఆ ముసలివానికి నేర్పును. చిన్నది గురువు, పెద్దవాడు శిష్యుడు! నా అభిప్రాయములో పుస్తకమంతటికి ప్రాణము ఇదియే. దుఃఖములో నున్న బిడ్డకు జాలికంటె పని ఎక్కువ మేలు చేయును. “నీవలన నాకొక ఉపయోగమున్నది” అని ఒక పెద్దవాడు తోచజేసినప్పుడు ఆ బిడ్డ వెన్ను నిటారుగా నిలుచును. ఈ స్నేహము తలిదండ్రులకు తెలిసియే జరిగినదని కూడ గమనించుడి.

అక్క ఆసుపత్రిలో నుండగా, పొరుగున నున్న యువదంపతులు తమ శిశువు జననమును ఫొటోలు తీయుమని మెగ్‌ను పిలుతురు. పదమూడేండ్ల పిల్లను కాన్పు గదిలోనికి పిలుచుట మన పెద్దలకు నచ్చకపోవచ్చును. నాకు తోచిన లోపము వేరు. ఒక చావు ప్రక్కన ఒక పుట్టుకను పెట్టి రచయిత్రి తక్కెడను కొంచెము చక్కగా సరిచేసినది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, “పొరుగింటి శిశువు నా బిడ్డకు బదులగునా?” అని అడుగును. న్యాయమైన ప్రశ్నయే. అయినను శిశువు అక్కకు బదులని రచయిత్రి ఎక్కడను చెప్పలేదు. మోలీ చనిపోవును. ఆ ఖాళీ ఖాళీగానే మిగులును.

ముగింపులో, విల్ తీసిన తన ఫొటోను మెగ్ ఒక ప్రదర్శనలో చూచును. అందులో తన ముఖమున అక్క పోలిక కనబడును. తాను అందవికారినని అనుకొన్న పిల్లకు తన ముఖములోనే అక్క దొరికినది. మరచిపొమ్మని చెప్పక, జ్ఞాపకముంచుకొనుటకు చోటు చూపిన ముగింపు ఇది.

చదువరులారా, కెమెరా లేకపోయిన నష్టము లేదు. మీ సంఘములో వడ్రంగి తాత యుండును, వల అల్లు మామయ్య యుండును, పాదులు పెట్టు అవ్వ యుండును. “ఈ తాడు పట్టుకోరా”, “ఈ విత్తనాలు నాటిపెట్టమ్మా” అని పిలుచుటకు వారికి చదువు అక్కరలేదు. ఒక దినము కాదు, వారము వారము పిలువవలెను. పని మధ్యలో బిడ్డ తానే అక్క పేరెత్తును. అప్పుడు మాట మార్చకుడి. ఆ పేరు మీరును పలుకుడి. “నీ తగాదా వలన ఆమె చావలేదు” అని స్పష్టముగా చెప్పుడి.

ఈసారి ఆదరణ కూటమునకు పోయినప్పుడు, తలిదండ్రుల చేతులు పట్టుకొన్న తరువాత, గోడ ప్రక్కకు కూడ ఒకసారి చూడుడి.