“పాండర్” పదార్థ విచారము

ఆంగ్లమున “పాండర్” అనఁగా ఒక విషయమును చిరకాలము మనసునఁ బెట్టుకొని విమర్శించుట. పాఠశాలలలో దీనికి “ఆలోచించు” అని యర్థము చెప్పుట వాడుక. అది తప్పు గాదు, చాలదు.

బరువను నర్థముగల లాటిను “పాండుస్” ఈ పదమునకుఁ గుదురు. “పౌండు” అను తూనికపేరును అచ్చటిదే. ఫ్రెంచి మీఁదుగా 14వ శతాబ్దమున ఆంగ్లమునఁ జేరిన ఈ మాట తొలుత వెలగట్టుటను, పిదప మనసునఁ దూఁచుటను దెలిపినది.

“ఆలోచన”కు మూలమగు “లోచ్” ధాతువు చూపునకు సంబంధించినది, లోచనమనఁగాఁ గన్ను. తెలుఁగు “ఎంచు”నకు లెక్కించుటయుఁ దలఁచుటయు నర్థములు. నిజామాబాదు, బోధను ప్రాంతముల జనవ్యవహారమున “సోంచాయించు” గలదు. అది ఉర్దూ “సోచ్‌నా” నుండి వచ్చినది. దాని మూలము శోకార్థకమగు సంస్కృత “శుచ్” ధాతువు. ఒక్క మనోవ్యాపారమునకే చూపు, లెక్క, శోకము, బరువు నను నాలుగు దారు లేర్పడినవి.

“పాండర్”నకు మూలార్థమున దగ్గఱిది “తూఁచు”. 1937లో శక్కర్‌నగరమున స్థాపితమై 2015లో మూతపడిన నిజాము చక్కెర కర్మాగారమునకుఁ జెఱకు తోలిన రైతునకు, బండి తూఁగినంతకే వెల. తూనికలో నేమఱిన నష్టమెట్టిదో యతనికి నిఘంటువు చెప్ప నక్కఱలేదు.

అట్లని యంతటను “తూఁచు” అనరాదు. తెలుఁగున నది “తూఁచి మాటాడు” అనునట్లు పలుకునకే యెక్కువగాఁ జెల్లును, మౌనచింతకుఁ జాలదు. నేఁటి యాంగ్లేయునికిని “పాండర్” అన్నప్పుడు త్రాసు తోఁపదు. కావున మంచిచెడ్డల నిర్ణయించుచోట “మనసునఁ దూఁచు” అనియుఁ, దక్కినచోట్ల “దీర్ఘముగ నాలోచించు” అనియుఁ జెప్పుట మేలు. వ్యుత్పత్తి దారిఁ జూపును. అర్థమును నిర్ణయించునది ప్రయోగమే.